మినుము వేరు ఎవరిని లోపలికి రానిస్తుంది?

శ్రీకాకుళం జిల్లా మాగాణుల్లో వరి కోతకు కొద్ది రోజుల ముందే, నిలబడి ఉన్న చేలోనే మినుములు, పెసలు చల్లేస్తారు. దుక్కి ఉండదు, దుక్కిలో వేసే ఎరువూ ఉండదు. అందుకే విత్తనానికి బెల్లం నీళ్లతో రైజోబియం కల్చర్ (వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా, ప్యాకెట్లలో అమ్ముతారు) పట్టించమంటారు. ఒక చేలో అది బాగా పనిచేస్తుంది, పక్క చేలో తేడాయే కనబడదు. వెంటనే ప్యాకెట్‌ను అనుమానిస్తాం. నాసిరకం ప్యాకెట్లు లేవని కాదు, కానీ చివరి మాట మొక్క వేరుది. ఆ సంగతి తేలడానికి వందేళ్లకు పైగా పట్టింది.

వేరు బుడిపెల వల్లే పప్పుజాతి మొక్కలకు గాలిలోని నత్రజని అందుతోందని 1886లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ చూపించారు. 1888లో నెదర్లాండ్స్‌లో బైజరింక్ ఆ బ్యాక్టీరియాను విడదీసి పెంచాడు. పదేళ్లు తిరక్కుండానే కల్చర్ అమ్మకానికి వచ్చేసింది. నేలలోని అన్ని సూక్ష్మజీవుల్లో తనకు కావలసినదాన్ని వేరు ఎలా పోల్చుకుంటుందో మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు.

బ్యాక్టీరియాను ముందు పిలిచేది మొక్క వేరు అని 1980లలో తెలిసింది. అది ఫ్లేవనాయిడ్లనే పదార్థాలను మట్టిలోకి వదులుతుంది. బదులుగా బ్యాక్టీరియా పంపే నాడ్ ఫ్యాక్టర్ అనే రసాయన సంకేతం నిర్మాణాన్ని 1990లో ఫ్రాన్స్‌లోని టూలూజ్ శాస్త్రవేత్తలు తేల్చారు: నాలుగైదు చక్కెర ముక్కల గొలుసు, చివర కొవ్వు తోక. అది అతి పలచగా తగిలినా చాలు, నూగు వేరు కొస వంకీ తిరిగి బ్యాక్టీరియాను చుట్టేసుకుంటుంది. విజయనగరం వైపు వేసే వేరుశనగలో దారి ఇంకొకటి, పక్క వేర్లు పొడుచుకొచ్చే సందుల్లోంచి బ్యాక్టీరియా దూరుతుంది.

నన్ను ఆపేసేది ఆ గొలుసే. తెగులు తెచ్చే శిలీంధ్రాల గోడలోని కైటిన్‌దీ అదే పదార్థం. ఆ సంకేతాన్ని పట్టే రెండు గ్రాహకాలను 2003లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. కైటిన్ తగలగానే మొక్కను రక్షణకు లేపే గ్రాహకాలూ ఆ కుటుంబానివే. అంటే శత్రువును పసిగట్టే పరికరం లాంటిదానితోనే వేరు మిత్రుణ్నీ గుర్తుపడుతోంది. గొలుసు మీద చిన్న అలంకారం మారినా తలుపు తెరుచుకోకపోవచ్చు.

ఇక పక్క చేను సంగతి. ఏళ్ల తరబడి మినుము పండిన నేలలో సరిపడే బ్యాక్టీరియా ముందే ఉంటుంది, ప్యాకెట్‌లోది దానితో పోటీపడి గెలవాలి. నేలలో నత్రజని పుష్కలంగా ఉంటే మొక్క తనంతట తానే బుడిపెలు తగ్గించేసుకుంటుంది. పూత వేళకు మొక్కను పీకకుండా తవ్వి తీసి, బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగా ఉంటే నత్రజని పని సాగుతున్నట్టే, అలాంటి చేలో కల్చర్ కొత్తగా చేసేది తక్కువ. నేలలో నత్రజని పుష్కలంగా లేని చోట బుడిపెలు లేకపోయినా, తెల్లగా ఉన్నా వచ్చే ఏడు తాజా కల్చర్ పట్టించాల్సింది ఆ చేనుకే.