రెండు గీతలు, ఒక్క అంకె

2009లో ఐపాస్ అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. తూర్పు ఆసియాలో 1,217 మంది రోగులు. సగం మందికి జెఫిటినిబ్ మాత్ర, మిగతా సగానికి కీమో. జబ్బు ముదరకుండా బతికిన కాలం మీడియన్ చూస్తే 5.7 నెలలు, 5.8 నెలలు. తేడా లేనట్టే. ఏడాది దగ్గర చూస్తే మాత్రం మాత్ర వాళ్లలో 24.9 శాతం, కీమో వాళ్లలో 6.7 శాతం మందికి జబ్బు ముదరలేదు. జబ్బు ముదరనివాళ్ల శాతం నెలనెలా ఎలా తగ్గిందో చూపే గ్రాఫ్‌లో మొదట కీమో గీత పైన ఉంది, ఆరో నెల ప్రాంతంలో రెండూ ఒకదాన్నొకటి దాటాయి. ఇంత కథనీ ఒక్క అంకెలో చెప్పారు: హజార్డ్ రేషియో 0.74. అంటే కీమో వాళ్లతో పోలిస్తే మాత్ర వాళ్లలో జబ్బు ముదిరే లేదా చనిపోయే ముప్పు 0.74 వంతు.

ఒక్క అంకెతో చెప్పే అలవాటు వెనక అసలు చిక్కు వేరే ఉంది. ట్రయల్ ముగిసేనాటికి కొందరు ఇంకా బాగానే ఉంటారు, కొందరు మధ్యలో రావడం మానేస్తారు. వాళ్లను లెక్కలో ఎక్కడ పెట్టాలి? గణాంక శాస్త్రవేత్త పాల్ మేయర్‌కు ఈ బాధ రోగులతో, బెల్ ల్యాబ్స్‌లో ఎడ్వర్డ్ కాప్లాన్‌కు సముద్రం అడుగున వేసే టెలిఫోన్ కేబుల్స్‌లోని వాక్యూమ్ ట్యూబులతో. ఇద్దరూ విడివిడిగా పంపిన పేపర్లను కలిపి ఒకటి చేయమన్నాడు పత్రిక ఎడిటర్. ఆ ఉమ్మడి పేపర్ 1958లో అచ్చయింది. మెట్లు మెట్లుగా దిగే ఆ గీత అప్పటిదే.

గీతలు వచ్చాయి సరే, రెంటినీ పోల్చడమెలా? 6-ఎంపీ అనే మందుతో లుకేమియా (రక్త క్యాన్సర్) రోగులపై చేసిన, 1963లో అచ్చయిన ట్రయల్‌నే తీసుకోండి. మందుకు 21 మంది, ప్లాసిబోకు (మందు లేని ఉత్తుత్తి మాత్రకు) 21 మంది. మొదటి వారంలో ఇద్దరికి జబ్బు తిరగబెట్టింది. మందులో పస లేకపోతే గుంపుకొకరు ఉండాలి, ఇద్దరూ ప్లాసిబో వాళ్లే. ఇలా వారం వారం కూడుకుంటూ పోతే మందు గుంపులో 19 మందికి పైగా తిరగబెట్టాలి, నిజంగా తిరగబెట్టింది 9 మందికే. 1966లో గణాంక శాస్త్రవేత్త నేథన్ మాంటెల్ ఇచ్చిన పద్ధతి ఇదే. దీనికి లాగ్ ర్యాంక్ అనే పేరు 1972లో రిచర్డ్ పీటో, జూలియన్ పీటోల పేపర్‌తో స్థిరపడింది. అదే ఏడాది డేవిడ్ కాక్స్ మోడల్ వచ్చింది, హజార్డ్ రేషియో అంకె ఇచ్చేది ఇదే.

కాక్స్ మోడల్ ఒకటి నమ్ముతుంది: మొదటి నెలలోనైనా పన్నెండో నెలలోనైనా రెండు గుంపుల ముప్పు నిష్పత్తి మారదని. ఐపాస్‌లో మారింది, ఎందుకంటే అందులో రెండు రకాల రోగులు కలిసి ఉన్నారు. కణితిలో ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌లో మార్పు (మ్యుటేషన్) ఉన్నవాళ్లలో రేషియో 0.48, లేనివాళ్లలో 2.85. ఒకరికి మేలు, ఇంకొకరికి కీడు. 0.74 ఈ ఇద్దరిలో ఎవరిదీ కాదు.

శరీర రక్షణ వ్యవస్థనే క్యాన్సర్ మీదికి ఎగదోసే ఇమ్యునోథెరపీ మందులొచ్చాక ఈ తలనొప్పి మామూలైంది. అవి ఆలస్యంగా పనిచేస్తాయి, మొదటి నెలల్లో గీతలు అతుక్కునే ఉంటాయి. ఫలానా గడువులోపు సగటున ఎన్ని నెలలు బతికారో పోల్చే పద్ధతి ఉంది, చివరి నెలలకు ఎక్కువ తూకమిచ్చే టెస్టులూ ఉన్నాయి. నా మటుకు నెలల్లో చెప్పేదే నయం, రోగికి అర్థమవుతుంది. కానీ ఏ టెస్ట్ వాడతారో ఫలితాలు చూడకముందే రాసిపెట్టాలి. గీతలు ఎక్కడ విడిపోతాయో, ఎక్కడ దాటుకుంటాయో అప్పటికి ఎవరికీ తెలియదు. అందుకే చాలామంది ఇప్పటికీ లాగ్ ర్యాంకే రాస్తారు.