స్వీడన్ ఐస్ హాకీ ప్లేయర్ కెరీర్: అపోహలు - వాస్తవాలు

స్వీడన్‌లో జూనియర్ ఐస్ హాకీ ఆటగాళ్లకు ఫిజియోగా పనిచేస్తున్నాను. పిల్లల్ని రింక్‌కి తీసుకొచ్చే తెలుగు తల్లిదండ్రులు తరచూ అనే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పద్దెనిమిదేళ్లకి ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా జట్లు ఆడే టాప్ లీగ్) డ్రాఫ్ట్‌లో పైవరసలో పేరు రాకపోతే ఇక అంతే.

ఈ టెన్షన్‌తో కుంగిపోయే కుర్రాళ్లను చూస్తుంటే బాధేస్తుంది. అమెరికా, కెనడా జట్లు కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్. 1989లో డెట్రాయిట్ జట్టు స్వీడన్ డిఫెన్స్ ఆటగాడు నిక్లాస్ లిడ్‌స్ట్రామ్‌ని తీసుకునేసరికి 52 మంది పేర్లు పిలిచేశారు. అతను వెంటనే విమానం ఎక్కలేదు. రెండేళ్లు సొంత క్లబ్ వెస్టెరోస్‌కే ఆడి, 1991లో వెళ్లాడు. ఆ తర్వాత డెట్రాయిట్‌కే 20 సీజన్లు, 4 స్టాన్లీ కప్‌లు (ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే ట్రోఫీ), ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి అవార్డు 7 సార్లు! గోల్‌కీపర్ హెన్రిక్ లుండ్‌క్విస్ట్‌ది 2000లో 205వ స్థానం. గోథెన్‌బర్గ్‌లో ఫ్రోలుండా జట్టుతో రెండుసార్లు జాతీయ టైటిల్ గెలిచాకే, 2005లో న్యూయార్క్ వెళ్లాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో 459 మ్యాచ్‌లు గెలిచాడు. గోల్‌కీపర్లు ఆలస్యంగానే రాటుదేలతారు, వాళ్లని తొందరపెట్టకండి.

అపోహ: స్వీడన్ వాళ్లు మెతక, దెబ్బలకి తట్టుకోలేరు.

ఇక్కడి రింక్ వెడల్పు సంప్రదాయంగా 30 మీటర్లు, ఎన్‌హెచ్‌ఎల్‌లో దాదాపు 26. చోటు ఎక్కువ కాబట్టి పాసులతో ఆడటం అలవాటైంది, అంతే. 1973లో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు టొరంటోకి వెళ్లిన స్వీడన్ ఆటగాడు బోర్యే సాల్మింగ్‌ని ప్రత్యర్థులు పనిగట్టుకుని కొట్టేవారు. 1986లో స్కేట్ బ్లేడు ముఖాన్ని చీల్చేస్తే 200కి పైగా కుట్లు పడ్డాయి. అయినా టొరంటోకి 16 సీజన్లు ఆడాడు.

అపోహ: ఎన్‌హెచ్‌ఎల్ దక్కకపోతే బతుకుతెరువు ఉండదు.

స్వీడన్ టాప్ లీగ్‌లోనే 14 జట్లు, ఒక్కో జట్టుకి 52 లీగ్ మ్యాచ్‌లు. స్విట్జర్లాండ్, జర్మనీ లీగ్‌లూ ఉన్నాయి.

అపోహ: గంటసేపు ఆడాలి కాబట్టి రోజూ కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తించాలి.

ఆటగాడు ఐస్ మీద ఒక విడతకి ఉండేది 40-50 సెకన్లే. ఆ కాసేపూ ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి ఆడతాడు. బెంచీ మీదికొచ్చి ముందుకి వంగి కూర్చుంటాడు, తొడలు మండుతుంటాయి, ఒక గుక్క నీళ్లు తాగుతాడు. ఊపిరి పూర్తిగా అందకముందే మళ్లీ దిగాలి. కాబట్టి కావాల్సింది చిన్న చిన్న స్ప్రింట్లు, మధ్యలో విరామం. స్కేటింగ్ భారమంతా గజ్జలు, తుంటి కీళ్ల మీదే పడుతుంది. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి ఆ నొప్పులే. అందుకే వేసవిలో స్కేట్లు పక్కన పెట్టించి, పిల్లల్ని ఫుట్‌బాలో ఇంకేదో ఆడుకోనివ్వండి. గజ్జల్లో నొప్పి రెండు వారాలు దాటితే మాత్రం వెంటనే చూపించండి.