విమాన దూరం, ప్రయాణ సమయం: బెంగళూరులో నేను రోజూ వినే అపోహలు

నేను బెంగళూరులో ఫ్లైట్ డిస్పాచర్‌ని. విమానం బయల్దేరే ముందు దారి, గాలి, ఇంధనం లెక్కగట్టి కెప్టెన్‌కి ప్లాన్ ఇవ్వడం నా పని. మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లు ఎక్కువ. లిఫ్టులో కనబడితే చాలు, ఏదో ఒకటి అడుగుతారు.

అపోహ: హైదరాబాద్ 450 కిలోమీటర్లే కదా, 800 వేగంతో పోయే విమానానికి గంటా పావు ఎందుకు?

వాస్తవం: దేవనహళ్లి (బెంగళూరు విమానాశ్రయం) నుంచి శంషాబాద్‌కి సూటిగా గీత గీస్తే సుమారు 456 కి.మీ. నిజమే. కానీ టికెట్ మీద ఉండేది గాల్లో ఉండే సమయం కాదు. ఇక్కడ విమానం పార్కింగ్ నుంచి కదిలింది మొదలు అక్కడ పార్కింగ్‌లో ఆగేదాకా పట్టే సమయం. మేం దీన్ని బ్లాక్ టైమ్ అంటాం. రన్‌వే దాకా వెళ్లడం, ముందు నాలుగు విమానాలుంటే ఆగడం అన్నీ అందులోవే. లేట్లను తట్టుకోవడానికి కాస్త వెసులుబాటు కూడా కలుపుతారు. గాల్లోకి లేచాక 10,000 అడుగుల లోపు 250 నాట్లు, అంటే గంటకు 463 కి.మీ. దాటకూడదన్నది సాధారణ నియమం. పైకి ఎక్కడానికి ఇరవై నిమిషాలు, దిగడానికి దాదాపు అంతే. పూర్తి వేగంతో పోయేది మధ్యలో కాసేపే. మీ చేతికి టీ కప్పు వచ్చేసరికి దిగడం మొదలవుతుంది.

అపోహ: తూర్పుకి వెళ్తే ఎప్పుడూ త్వరగా చేరతాం.

వాస్తవం: చలికాలంలో ఉత్తరాది మీద ఇది నిజం, అక్కడ పైన పడమటి గాలి బలంగా వీస్తుంది. మన దక్షిణాదిలో వానాకాలం వస్తే లెక్క తిరగబడుతుంది. జులైలో విశాఖ వెళ్తూ మా పక్కింటి పెద్దాయన, "గాలి పడమర నుంచే కొడుతోంది కదమ్మా, మనల్ని తోసుకెళ్లదా?" అని ఫోన్ చేశారు. కింద గాలి పడమటిదే. కానీ విమానం ఎదురుగాలికే లేవాలి కాబట్టి పడమరకి లేచి, తర్వాత విశాఖ వైపు తిరుగుతుంది. కొన్ని నిమిషాలు అక్కడే పోతాయి. ఇక పైకెక్కితే నైరుతి గాలి ఉండదు, తూర్పు నుంచి వీచే గాలి ఎదురొస్తుంది. విమానం వేగం 800, ఎదురుగాలి 80 అయితే నేల మీద లెక్కకి 720 మాత్రమే. అదే గాలి తిరుగు ప్రయాణంలో వెనక నుంచి తోస్తుంది. దూరం రెండువైపులా 777 కి.మీ. దగ్గరే, టైమ్ మాత్రం వేరు. ప్లాన్‌లో నేను ముందు చూసేది ఈ గాలి అంకెనే. ఇంధనం దాన్నిబట్టే మారుతుంది.

అపోహ: లేట్ అయితే కెప్టెన్ స్పీడ్ పెంచి కవర్ చేస్తాడు.

వాస్తవం: చిన్న దారుల్లో మిగిలేది రెండు మూడు నిమిషాలే. దాన్ని నమ్ముకుని కనెక్టింగ్ ఫ్లైట్ బుక్ చేయొద్దు, దయచేసి.

అపోహ: హైదరాబాద్ దూరం ఒకచోట 246, ఇంకోచోట 456 అని ఉంది, ఏదో తప్పు.

వాస్తవం: రెండూ ఒకటే. మొదటిది నాటికల్ మైళ్లలో. ఒక నాటికల్ మైలు 1.852 కి.మీ.

అపోహ: అమెరికాకి సూటి దారి అంటే మ్యాపులో అడ్డంగా గీసిన గీత.

వాస్తవం: 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి నేరుగా నడిపిన తొలి ఫ్లైట్ ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. ఈ రెండు ఊళ్ల మధ్య సూటి దూరం దాదాపు 14,000 కి.మీ. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఆ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకోండి. దారం అడ్డంగా కాకుండా పైన ఆర్కిటిక్ మీదుగా పోతుంది.