పిల్లల దంతవైద్యంలో రెసిడెన్సీ ఎంపిక: అపోహలు, వాస్తవాలు

అమెరికాలో పిల్లల దంతవైద్య రెసిడెన్సీకి, అంటే దంతవైద్య పట్టా తర్వాత చేసే ప్రత్యేక శిక్షణకు, దరఖాస్తు చేసుకునేవారు నన్ను అడిగే ప్రశ్నల్లో చాలావరకు సంస్థ పేరు చుట్టూనే తిరుగుతుంటాయి. రెండేళ్లలో చేతికి ఏ పని వస్తుందన్న ప్రశ్న మాత్రం అరుదుగానే వినిపిస్తుంది.

అపోహ: పేరున్న సంస్థలో శిక్షణ తప్పకుండా మెరుగ్గా ఉంటుంది.

వాస్తవం: గుర్తింపు పొందిన ప్రోగ్రాములన్నింటికీ, ఆ గుర్తింపునిచ్చే సంస్థ అయిన కమిషన్ ఆన్ డెంటల్ అక్రెడిటేషన్ ఒకే కనీస ప్రమాణాలు విధించింది. శిక్షణ కనీసం 24 నెలలు ఉండాలి. ఒక్కో రెసిడెంటు జనరల్ అనస్తీషియా (పూర్తి మత్తు) కింద కనీసం 20 ఆపరేషన్ థియేటర్ కేసుల్లో పాల్గొనాలి. నైట్రస్ ఆక్సైడ్ (లాఫింగ్ గ్యాస్) ఒక్కటే వాడినవి లెక్కలోకి రాకుండా 50 సెడేషన్ కేసులు, అంటే మందుతో పిల్లలను శాంతపరచి చికిత్స చేసేవి, చూడాలి, వాటిలో 25 స్వయంగా చేయాలి. ప్రోగ్రాముల మధ్య అసలు తేడా ఈ గీత దాటాకే మొదలవుతుంది. అందువల్ల ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు రెండో ఏడాది రెసిడెంట్లను పక్కకు పిలిచి, గత నెలలో స్వయంగా చేసిన సెడేషన్లు ఎన్నని అడగండి. జవాబు చెప్పేముందు వారు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే, ఆ చూపే జవాబు.

అపోహ: థియేటర్ కేసులు ఎంత ఎక్కువైతే శిక్షణ అంత గట్టిది.

వాస్తవం: ఇది నేనూ కొంతకాలం నమ్మిన మాటే. థియేటర్‌లో స్టీలు క్రౌన్లు (పాడైన పంటికి వేసే తొడుగులు) వేయడంలో చేయి తిరుగుతుంది, కాదనను. కానీ మత్తులో ఉన్న పిల్లవాడు ఏడవడు, మూతి బిగించడు, తల్లి చెయ్యి వదలనని మారాం చేయడు. నాలుగేళ్ల పాప కుర్చీలో ముడుచుకుని కూర్చున్నప్పుడు, పళ్లకు మెరుగుపెట్టే పాలిషింగ్ కప్పును ముందుగా ఆమె గోరు మీద తిప్పి, చక్కిలిగింత పెట్టిందని ఆమె నవ్వాకే పంటి దగ్గరకు తీసుకువెళ్లే నేర్పు కుర్చీ పక్కనే వస్తుంది. భయపడిన ప్రతి బిడ్డనూ థియేటర్ జాబితాలోకి ఎక్కించే చోట ఆ నేర్పుకు అవకాశమే ఉండదు.

అపోహ: స్టైపెండు ఇచ్చేదే మంచి ప్రోగ్రాము.

వాస్తవం: ఆసుపత్రి ఆధారిత ప్రోగ్రాములు సాధారణంగా స్టైపెండు ఇస్తాయి, విశ్వవిద్యాలయ ప్రోగ్రాముల్లో కొన్ని ఫీజు వసూలు చేస్తాయి. దీని వెనుక ఉన్నది చాలావరకు నిధులు వచ్చే మార్గం, బోధన నాణ్యత కాదు. అయితే అప్పు భారం నిజమైనదే కనుక ఆ లెక్క వేరుగా వేసుకోవాలి.

అపోహ: మ్యాచ్ (అభ్యర్థుల, ప్రోగ్రాముల ఇష్టాలను జతచేసి సీట్లు కేటాయించే పద్ధతి) కోసం ఇచ్చే జాబితాలో సీటు వచ్చే అవకాశమున్న ప్రోగ్రామునే మొదట రాయాలి.

వాస్తవం: మ్యాచ్ ప్రక్రియ అభ్యర్థి ఇష్టాల క్రమం ప్రకారమే సాగుతుంది. కష్టమైనదాన్ని మొదట రాసి అది దక్కకపోయినా, రెండోదానిలో మీ అవకాశం తగ్గదు.

అపోహ: విదేశీ బీడీఎస్‌తో రెసిడెన్సీ పూర్తి చేస్తే లైసెన్సు దానంతట అదే వస్తుంది.

వాస్తవం: లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర డెంటల్ బోర్డు, నిబంధనలు రాష్ట్రానికో తీరు. విదేశీ పట్టాతో నేరుగా చేర్చుకునే ప్రోగ్రాములు కొన్నే కనుక, స్థిరపడదలచిన రాష్ట్రపు నిబంధనలు చదివాకే దరఖాస్తు పంపడం మేలు.