బాణం వెనక్కి ఉంటే పాజిట్రాన్ వెనక్కి పోతున్నట్టా?

మొన్న రాత్రి పదింటికి ఫోన్. నెట్ పరీక్షకు రెండోసారి చదువుతున్న తెనాలి అమ్మాయి. “సార్, ఎలక్ట్రాన్, పాజిట్రాన్ కలిసి మాయమవుతాయంటారు. ఫైన్‌మన్ బొమ్మలోనేమో పాజిట్రాన్ బయటికి పోతోంది. మరి కలిసేదెప్పుడు? ఇక నాకు రాదేమో సార్.” బ్రాడీపేటలో ఎమ్మెస్సీ పిల్లలకు పార్టికల్ ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టాక ఈ ప్రశ్న అడగని బ్యాచ్ లేదు. ముందు టెన్షన్ పక్కన పెట్టమ్మా. పాజిట్రాన్ అంటే ఎలక్ట్రాన్ లాంటిదే, చార్జి మాత్రం పాజిటివ్. కణాల మధ్య జరిగేదాన్ని గీతలతో చూపే బొమ్మే ఫైన్‌మన్ డయాగ్రమ్.

అపోహ: ఫైన్‌మన్ డయాగ్రమ్‌లో గీత మీది బాణం కణం వెళ్లే దిక్కు.

వాస్తవం: ఎలక్ట్రాన్‌కి ఆ మాట చెల్లుతుంది, పాజిట్రాన్‌కి చెల్లదు. గీతలు కలిసే ప్రతి చోటులోకి, అంటే వర్టెక్స్‌లోకి, ఒక బాణం రావాలి, ఒకటి పోవాలి. ఆ లెక్క కోసమే పాజిట్రాన్ గీతకు బాణం తిరగేసి వేస్తాం. విజయవాడలో ప్యాసింజర్ ఎక్కి ఇంజిన్‌కి వీపు పెట్టి కూర్చున్నా దిగేది గుంటూరులోనే కదా! బాణం చూపేది మీరు కూర్చున్న వైపు. బండి ఎటు పోతోందో తెలియాలంటే గీత పక్కన విడిగా ఇంకో చిన్న బాణం వేసి ద్రవ్యవేగం రాసుకోండి.

మార్కులు పోయేది ఇక్కడే. లెక్కలో ఒక్కో కణం గీతకు ఒక్కో గుర్తు రాస్తాం. లోపలికి వచ్చే పాజిట్రాన్‌కి వి-బార్ రాయాలి. బాణం చూసి దాన్ని బయటికి పోయే ఎలక్ట్రాన్ అనుకున్నవాళ్లు ఆ ఎలక్ట్రాన్ గుర్తు యు-బార్ రాస్తారు. అన్ని స్పిన్‌లకూ కూడే స్పిన్ సమ్‌లో మైనస్ ఎం (ఎం అంటే ద్రవ్యరాశి) రావాల్సిన చోట ప్లస్ ఎం వచ్చి కూర్చుంటుంది. ఎలక్ట్రాన్‌కి బరువైన అన్నలాంటి మ్యువాన్ల జంట పుట్టే లెక్కలో శక్తి ఎక్కువ కదా అని ద్రవ్యరాశులు వదిలేస్తాం కాబట్టి, తప్పు రాసినా జవాబు సరిగ్గానే వస్తుంది. అలా నెలల తరబడి దాక్కున్న తప్పు, రెండు ఫోటాన్లు (కాంతి కణాలు) పుట్టే లెక్కలో ద్రవ్యరాశి ఉంచిన రోజు బయటపడుతుంది. ఆ రోజు చాలామందికి పరీక్ష రోజే.

నేనూ తక్కువ తినలేదు. ఎమ్మెస్సీ వైవాలో ఎగ్జామినర్ కాగితం మీద బొమ్మ గీసి ఏమిటిది అన్నారు. “కాంప్టన్ స్కాటరింగ్” అన్నాను గట్టిగా, అంటే ఫోటాన్ ఎలక్ట్రాన్‌ని తాకి పక్కకు మళ్లడం. ఆయన కాలాన్ని కింది నుంచి పైకి గీశారు, నేను ఎడమ నుంచి కుడికి చదివాను. అది ఎలక్ట్రాన్, పాజిట్రాన్ కలిసి రెండు ఫోటాన్లుగా మారే యానిహిలేషన్. పక్కకు తిప్పితే అదే బొమ్మ కాంప్టన్ అవుతుంది. కాలం ఎటో అడగాలని తట్టేసరికి వైవా అయిపోయింది.

పాజిట్రాన్ భవిష్యత్తులోంచి వస్తుందని చెప్పే వీడియోలు చూసి నా దగ్గరికి రాకండి. కాలంలో వెనక్కి పోయే ఎలక్ట్రాన్‌గా రాసుకుంటే లెక్క కుదురుతుందని భౌతికశాస్త్రవేత్తలు స్టూకెల్‌బర్గ్ 1941లో, ఫైన్‌మన్ 1949లో చూపించారు, నిజమే. కానీ 1932లో పాజిట్రాన్‌ని కనిపెట్టిన ఆండర్సన్ క్లౌడ్ చాంబర్‌లో (అయస్కాంత క్షేత్రంలో కణాల జాడ వంగి కనిపించే పెట్టెలో) ఏం జరిగింది? పాజిట్రాన్ 6 మిల్లీమీటర్ల సీసం పలకను దాటింది. పలకకు ఒక పక్కన జాడ ఎక్కువ వంగి ఉంది, అంటే అక్కడ శక్తి తగ్గింది. శక్తి తగ్గిన వైపే అది వెళ్లిన వైపు. అందరిలాగే ముందుకే నడిచింది.

ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంట ఒక్క ఫోటాన్‌గా మారుతుందా? మారదు. సమాన వేగంతో ఎదురెదురుగా వస్తే మొత్తం ద్రవ్యవేగం సున్నా, శక్తి కనీసం 1.022 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్లు). ద్రవ్యవేగం సున్నా అయితే ఫోటాన్‌కి శక్తీ సున్నానే. మ్యువాన్ల బొమ్మ మధ్యలో అలలా గీసేది వర్చువల్ ఫోటాన్, అది డిటెక్టర్‌లో పడేది కాదు. గీతల కోణాలు దేన్నీ కొలవవు. రెండు ఫోటాన్లు వస్తే వాటిని అటూ ఇటూ మార్చి రెండో డయాగ్రమ్ కూడా గీయాలి, ఒక్కో డయాగ్రమ్ ఇచ్చే విలువలు, అంటే యాంప్లిట్యూడ్‌లు, కూడిన తర్వాతే వర్గం చేయాలి.

ఇంకొకటి. డాక్టర్ పెట్ స్కాన్ (పాజిట్రాన్లతో ఒంటి లోపల చూసే స్కాన్) రాశారని మా పిన్ని “ఒంట్లో పేలుడు జరుగుతుందటగా” అని రెండు రోజులు అన్నం తినలేదు. ఒక్కో ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంట నుంచి 511 కేఈవీ (వేల ఎలక్ట్రాన్ వోల్ట్ల) ఫోటాన్లు రెండు, దాదాపు ఎదురెదురు దిక్కుల్లో వస్తాయి, మెషిన్ పట్టుకునేది వాటినే, పేలుడూ లేదు గీలుడూ లేదు పిన్నీ అని చెప్పాక కుదుటపడింది.

తెనాలి అమ్మాయి నిన్న వాట్సాప్‌లో బొమ్మ పంపింది. పాజిట్రాన్ గీత పక్కన పెన్సిల్‌తో చిన్న బాణం, వి-బార్, రెండో డయాగ్రమ్, అన్నీ ఉన్నాయి. కాలం ఎటో మాత్రం రాయలేదు.