హినోఎ ఉమా ఏడాది ఆడపిల్ల: అపోహలు, వాస్తవాలు

"అక్కా, ఒకటి అడుగుతాను, నవ్వకూడదు" అని ఫోన్ మొదలైందంటే మిగతాది నాకు తెలిసిపోతోంది. పోయిన వేసవి నుంచి ఇలాంటివి పది పన్నెండు వచ్చి ఉంటాయి. కడుపుతో ఉన్నవాళ్ళు చేస్తారు, వాళ్ళ భర్తలు చేస్తారు, రాజమండ్రి నుంచో ఖమ్మం నుంచో వాట్సాప్‌లో అత్తగార్లు చేస్తారు. అడిగేది మాత్రం ఒకటే: "2026 హినోఎ ఉమా అనే గుర్రం ఏడాదట, అందులో ఆడపిల్ల పుడితే దానికి కాబోయే మొగుడికి గండమని జపాన్‌లో అంటారట కదా, నిజమేనా?"

నేను టోక్యోలో దుభాషిని. ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు, వార్డు ఆఫీసు పనులు, ఇంటి అద్దె కాగితాలు... నిషి-కసాయి చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి ఇవన్నీ జపనీస్ నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి జపనీస్‌లోకి మార్చి చెప్పడం నా పని. నేను జ్యోతిష్కురాలిని కాను. అయినా ఈ ఏడాది డాక్టర్ల మాటల కంటే గుర్రం మాటలే ఎక్కువ మాట్లాడాల్సి వస్తోంది. అందుకే అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

అపోహ: హినోఎ ఉమా ఏడాదిలో పుట్టిన ఆడపిల్ల భర్త ఆయుష్షు తినేస్తుంది

ముందు పేరు సంగతి. ఉమా అంటే జపనీస్‌లో గుర్రం. (మా వీధిలో ఉండే ఉమక్కకి ఈ విషయం నేనింతవరకు చెప్పలేదు.) హినోఎ అంటే అగ్ని తత్త్వంలో పెద్దది. చైనా నుంచి వచ్చిన పంచాంగంలో పది కాండాలు (హినోఎ వాటిలో ఒకటి), పన్నెండు జంతువులు ఉంటాయి. రెండూ జతకట్టుకుంటూ పోతే అరవై ఏళ్ళకి ఒక చుట్టు పూర్తవుతుంది. గుర్రానికీ అగ్ని తత్త్వమే కాబట్టి ఈ ఏడాది నిప్పుకి నిప్పు తోడైందని లెక్క. ఆ ఏట పుట్టిన ఆడపిల్ల నిప్పులాంటి మనిషవుతుందని, మొగుణ్ణి మింగుతుందని అన్నారు. మగపిల్లాడు పుడితే మాత్రం ఏ ఇబ్బందీ లేదట! ఎక్కడైనా ఇదే వరస.

మనకీ అరవై ఏళ్ళ చుట్టు ఉంది కదా. లెక్క వేసి చూడండి. ఈ ఉగాదితో వచ్చేది పరాభవ నామ సంవత్సరం. 1966లో వచ్చిందీ పరాభవే. హినోఎ ఉమా వచ్చిన ప్రతిసారీ మనకి పరాభవ వస్తుంది. మరి 1966 ఉగాది తర్వాత పుట్టిన మన పెద్దవాళ్ళందరూ జీవితమంతా పరాభవాలే పడ్డారా? మా మేనమామ పరాభవలోనే పుట్టారు. ఆయన పడిన పరాభవమల్లా టెన్త్‌లో హిందీ తప్పడం ఒక్కటే.

ఈ నమ్మకం బలపడటానికి ఎక్కువగా చెప్పే కారణం ఒషిచి కథ. ఎడో అనే నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, ఒక కూరగాయల వ్యాపారి కూతురు ఒషిచి. పాత పంచాంగం ప్రకారం 1682 చివర్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగితే ఆ కుటుంబం ఒక గుడిలో తలదాచుకుంది. అక్కడి కుర్రాడితో ఈ అమ్మాయికి ప్రేమ కలిసింది. ఇల్లు మళ్ళీ కట్టుకుని వెళ్ళిపోయాక, ఇంకోసారి మంటలు లేస్తే ఇంకోసారి గుడికి పోవచ్చు కదా అని నిప్పు పెట్టింది. 1683లో ఆమెను సజీవ దహనం చేశారు. మూడేళ్ళకే ఇహారా సైకాకు అనే రచయిత ఆ కథ రాశాడు. తర్వాత బొమ్మలాటల్లోకి, నాటకాల్లోకి వెళ్ళింది. ఆ దారిలోనే ఎక్కడో "ఆ పిల్ల 1666లో పుట్టింది, హినోఎ ఉమా" అన్న మాట అతుక్కుంది.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. అందరూ చెప్పుకునే కథలో ఆమెకు పదహారేళ్ళు. పదిహేనే అని ఒప్పుకుంటే శిక్ష తగ్గేదని, న్యాయాధికారి జాలిపడి అడిగినా పదహారే అని చెప్పిందని కన్నీళ్ళు పెట్టుకుంటూ చెబుతారు. ఆ రోజుల్లో పుట్టగానే ఒకటి, కొత్త సంవత్సరం రాగానే ఇంకొకటి కలిపేవారు. ఆ లెక్కన 1683లో పదహారంటే 1668లో పుట్టినట్టు. అది గుర్రం ఏడాదే కాదు. అంటే కథని నమ్మినా గుర్రం నిలబడదు, గుర్రాన్ని నమ్మితే కథ నిలబడదు. హకుసాన్ స్టేషన్ దగ్గర ఎంజోజి గుడిలో ఒషిచి సమాధి ఉంది. ఒకసారి పని మీద అటు వెళ్ళి, లోపలికెళ్ళి నిలబడ్డాను. పదహారేళ్ళ పిల్ల. ఆమెకు జరిగింది చాలక మూడు వందల ఏళ్ళుగా పుట్టబోయే ఆడపిల్లల మీదకి ఆమె పేరునే తోలుతున్నారు.

ఇప్పుడు అసలు నష్టం సంగతి. 1965లో జపాన్‌లో సుమారు 18 లక్షల 24 వేల మంది పిల్లలు పుట్టారు. 1966లో 13 లక్షల 61 వేలు. 1967లో మళ్ళీ 19 లక్షల 36 వేలు. ఒక్క ఏడాదిలో నాలుగో వంతు పడిపోయి, మరుసటి ఏడాదికి తిరిగి లేచింది. అది పల్లెటూరి చీకటి కాలం కాదు. అంతకు రెండేళ్ళ ముందే షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు పరుగు మొదలైంది, టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. పత్రికలు ముందు నుంచే ఊదరగొట్టాయి. గున్మాలో కసుకవా అనే గ్రామం మాత్రం ఈ మూఢనమ్మకాన్ని తరిమేద్దామని ఉద్యమం నడిపింది. కడుపులో ఆడో మగో తెలిసే స్కాన్లు అప్పుడు లేవు కాబట్టి ఆడపిల్ల భయంతో మగపిల్లల్ని కూడా వద్దనుకున్నారు.

అంతకు ముందు చుట్టు 1906. అప్పుడు పుట్టుకలు ఇంతగా తగ్గలేదు. కానీ లెక్కల్లో ఆ ఏడాది ఆడపిల్లలు తక్కువగా, ముందూ వెనకా ఏళ్ళలో ఎక్కువగా కనిపిస్తారు. చాలామంది తల్లిదండ్రులు కూతురి పుట్టినరోజునే మార్చి రాయించారన్నమాట. మన దగ్గర స్కూల్లో చేర్చేటప్పుడు వయసు మార్చినట్టే, కాకపోతే కారణం వేరు.

1966లో వాళ్ళందరూ నిజంగా నమ్మారా అంటే, నాకైతే అలా అనిపించదు. "మాకు నమ్మకం లేదు, కానీ రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరైనా అంటే?" అన్నదే సగం పైన ఉండి ఉంటుంది. ఎందుకంటే ఇవాళ నాకు ఫోన్ చేసేవాళ్ళు అనేదీ అక్షరాలా అదే. మూలా నక్షత్రం, కుజదోషం విషయంలో మనం అనేదీ అదే. నమ్మేవాడు ఒక్కడూ దొరకడు, భయపడేవాళ్ళు ఊరంతా ఉంటారు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. పోయిన అక్టోబర్‌లో ఒక జంటతో ఆసుపత్రికి వెళ్ళాను. ఆమెకు జనవరి 20న డేట్ ఇచ్చారు. ఇక్కడ స్కాన్‌లో ఆడో మగో చెప్పేస్తారు, వీళ్ళకి ఆడపిల్ల అని తెలుసు. ఆ అబ్బాయి తల దించుకునే అడిగాడు: "డిసెంబర్ 31 లోపు ఆపరేషన్ చేస్తారేమో కనుక్కోండక్కా." అడగడం నా డ్యూటీ, అడిగాను. డాక్టర్ పెన్ను కింద పెట్టి కారణం ఏమిటన్నారు. చెప్పాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. వైద్యపరంగా అవసరం లేకుండా 39 వారాలకు ముందే తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు వచ్చే ప్రమాదం ఎక్కువని, తాను చేయనని నెమ్మదిగా చెప్పారు. అక్కడితో ఆగాల్సింది నేను. బయటికొచ్చాక ఆ అమ్మాయి ముఖం చూసి, కాస్త ఊరట ఇద్దామని, "అసలు పాత పద్ధతిలో ఏడాది మారేది జనవరి 1న కాదమ్మా, ఫిబ్రవరి 4న" అన్నాను. అబద్ధం కాదు. ఆ లెక్కలు చూసేవాళ్ళు వసంతం మొదలయ్యే రోజునే పట్టుకుంటారు. ఆ అమ్మాయి ముఖం వెలిగింది. సాయంత్రానికి ఆ మాట గ్రూపులన్నీ తిరిగి, మార్చిలో డేట్ ఉన్న ఇంకో అమ్మాయి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఒకరికి తలుపు తీశాననుకున్నాను, ఇంకొకరి ముఖం మీద వేశాను. అప్పటి నుంచి ఎవరు అడిగినా తేదీల జోలికి పోవడం లేదు.

సరే, ఋజువు కావాలంటారా. జపాన్ యువరాణి కికో పుట్టింది 1966 సెప్టెంబర్ 11న, నిఖార్సైన హినోఎ ఉమా. 1990లో రాజకుటుంబంలోకి కోడలుగా వెళ్ళారు, ముగ్గురు పిల్లలు. భర్త అకిషినో ఇప్పుడు సింహాసనానికి తర్వాతి వారసుడు. ముహూర్తాలకీ ఆచారాలకీ పెట్టింది పేరైన ఆ ఇంటికే లేని అభ్యంతరం మనకెందుకు?

కానీ ఈ ఒక్క ఉదాహరణ చెప్పి ఊరుకుంటే నేను మోసం చేసినట్టే. మా ఇంటి ఓనరమ్మ కూడా 1966లోనే పుట్టింది. చిన్నప్పుడు వాళ్ళ బడిలో పైతరగతికీ కిందితరగతికీ ఎక్కువ సెక్షన్లు ఉండేవట, వీళ్ళకి మాత్రం తక్కువ. "మా బ్యాచ్‌లో పరుగుపందెం పెడితే అందరికీ ప్రైజే" అంటుంది. ఆవిడ భర్త యాభై రెండేళ్ళకి క్యాన్సర్‌తో పోయాడు. అంత్యక్రియల రోజు టీ అందిస్తుంటే వెనకాల ఒక ముసలి బంధువు "హినోఎ ఉమా కదా మరి" అన్నాడట. ముప్పై ఏళ్ళ కాపురంలో ఎవ్వరూ అనని మాట ఆ రోజు బయటికొచ్చింది. రోజుకి రెండు పెట్టెలు సిగరెట్లు కాల్చిన మనిషి గురించి!

ఈ నమ్మకం చేసే పనల్లా ఇదే. అది ఏ మగాడి ప్రాణమూ తీయదు. ఎప్పుడో ఎవరో పోయినప్పుడు తప్పు ఎవరి మీద వేయాలో ముందే పేరు రాసి పెట్టుకుంటుంది. "కోడలు కాలు పెట్టిన వేళ" అని మన ఇళ్ళల్లో వినలేదా? అందుకే, అత్తయ్యగార్లూ, మీకు దండం పెడతాను. మనవరాలు పుట్టకముందే ఆ పేరు రాయకండి. దాని పక్కన వాట్సాప్‌లో తిరిగే వీడియో లింకు అసలే పెట్టకండి.

"జపాన్ వాళ్ళందరూ నమ్ముతారటగా?"

లేదు. నాతో పనిచేసే ఇరవై అయిదేళ్ళ పిల్లలు కొందరు ఆ మాటే వినలేదు. ఇక్కడ పిల్లలు తగ్గడానికి గుర్రంతో పని లేదు. 1989లో ఒక స్త్రీకి సగటు పిల్లల సంఖ్య 1.57కి పడింది. 1966 నాటి 1.58 కంటే తక్కువ. ఏ మూఢనమ్మకమూ లేకుండానే ఆ రికార్డు పోయిందని గగ్గోలు పెట్టి, దానికి "1.57 షాక్" అని పేరు కూడా పెట్టారు. 2024లో అది 1.15. పుట్టినవాళ్ళు 6 లక్షల 86 వేలు. ఇంటి అద్దెలు, ఆఫీసు వేళలు, ఆలస్యంగా పెళ్ళిళ్ళు... అది వేరే కథ.

మిగతావి, త్వరగా

ఐదో నెలలో నడుముకి తెల్ల గుడ్డ కట్టుకోకపోతే కాన్పు కష్టమా అని అడుగుతారు. కుక్క సులువుగా ఈనుతుందని, కుక్క పేరున్న రోజు చూసి కట్టుకునే ఆచారం అది. నిహొంబాషి దగ్గర సుయితెన్‌గు గుడి ఆ రోజుల్లో కిటకిటలాడుతుంది. మన సీమంతంలాంటిదే అనుకోండి. ఇష్టమైతే వెళ్ళండి, ఫోటోలు బాగుంటాయి. లేదంటే మానేయండి.

ఆసుపత్రిలో 4, 9 గదులు లేకపోతే అక్కడేదో జరిగిందని కాదు. నాలుగుకి "షి" అంటారు, చావుకీ అదే శబ్దం. తొమ్మిది "కు", బాధకీ అదే. కారు నంబర్ల చివర 42, 49 కూడా మామూలుగా ఇవ్వరు. అంతే, శబ్దం గొడవ.

క్యాలెండర్‌లో "బుత్సుమెత్సు" అని రాసి ఉంటే బుద్ధుడు పోయిన రోజు కాదు. మంచి రోజు, చెడ్డ రోజు చెప్పే ఆరు పేర్లు క్యాలెండర్‌లో వరసగా తిరుగుతాయి, ఇది వాటిలో ఒకటి. ఆ వరసకీ బుద్ధుడికీ సంబంధమే లేదు. ఇప్పుడు బుద్ధుడి అక్షరం రాస్తున్నారు, పూర్వం వేరే అక్షరం ఉండేది. మన వర్జ్యంలాగే చూసేవాళ్ళు చూస్తారు. మంచి రోజున, అంటే "తైయాన్" నాడు, డిశ్చార్జ్ కావాలని ఒకట్రెండు రోజులు ఎక్కువ ఉండిపోయేవాళ్ళు ఉన్నారని, దానివల్ల ఖర్చు పెరుగుతోందని క్యోటో పరిశోధకులు 1998లోనే లెక్క తీశారు. మీకూ బిల్లు వస్తుంది, గుర్తుంచుకోండి.

తక్కువ అద్దె ఇల్లంటే దయ్యం ఉన్నట్టేనా? ఆ ఇంట్లో హత్యో ఆత్మహత్యో జరిగి ఉంటే అద్దెకి ఇచ్చేటప్పుడు సుమారు మూడేళ్ళ వరకు చెప్పాలని, మామూలు చావైతే చెప్పనక్కర్లేదని 2021లో ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది. మూడేళ్ళు దాటినా మీరు నోరు తెరిచి అడిగితే చెప్పాలి. కాబట్టి అడగండి. చాలాసార్లు అద్దె తగ్గడానికి కారణం స్టేషన్ దూరం.

పోయిన ఏడాది జూలై 5 గోల గుర్తుందా? ఏదో మాంగాలో, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకంలో, రాసి ఉందని ప్రళయం వస్తుందన్నారు. హాంకాంగ్ నుంచి వచ్చే విమానాలు కూడా కొన్ని తగ్గించారు. భూకంపం రోజూ గంటా చెప్పడం ఎవరివల్లా కాదని జపాన్ వాతావరణ సంస్థ మొత్తుకుంది. ఆ వారం నాకు ఎన్ని ఫోన్లొచ్చాయో! జూలై 5 శనివారం వచ్చింది, నేను బట్టలుతుక్కున్నాను.

జనవరి 20 అన్న ఆ జంటకి పాప 18నే పుట్టింది, మూడు కిలోల వంద గ్రాములు. నాయనమ్మగారు వీడియో కాల్‌లో ముందు అడిగింది రంగు గురించి. గుర్రం ఊసే లేదు.

ఇక్కడ బిడ్డ పుడితే పద్నాలుగు రోజుల్లోపు వార్డు ఆఫీసులో నమోదు చేయించాలి. జపాన్‌లో ఉండబోతే ముప్పై రోజుల్లోపు ఇమ్మిగ్రేషన్‌లో బిడ్డ వీసాకి అర్జీ పెట్టాలి. ఆ పది పన్నెండు ఫోన్లలో ఈ రెండు తేదీల గురించి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.