వసారాలోని పిల్లకాయలు: పార్కిన్సన్స్ భ్రాంతులకు మందు

కందుకూరు దగ్గర ఒక పల్లెలో, పదేళ్లుగా వణుకుడు జబ్బుకు మందులు వాడుతున్న పెద్దాయన ఒక సాయంత్రం కోడలిని పిలిచి, "వసారాలో ఆ పిల్లకాయలు పొద్దుటి నుంచీ కూర్చోనుండారు, వాళ్లకీ నాలుగు మెతుకులు పెట్టమ్మా" అన్నాడనుకుందాం. వసారాలో ఎవరూ ఉండరు. గాలి సోకిందని ఏ.ఎస్.పేట దర్గాకు తీసుకువెళ్లే కుటుంబాలు నెల్లూరు జిల్లాలో ఉన్నాయి. అక్కడ మనసుకు ఊరట దొరికితే తప్పు పట్టవలసింది లేదు గాని, ఆ పిల్లలు కనిపించడానికి కారణం మెదడులోనూ, తరచుగా ఇంట్లోని మందుల డబ్బాలోనూ ఉంటుంది.

పార్కిన్సన్స్ అనే ఈ వణుకుడు జబ్బులో, మెదడులో కదలికల సంకేతాలను మోసే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశిస్తాయి. లెవోడోపా మాత్ర ఆ లోటును పూడ్చి కదలికను తిరిగి ఇస్తుంది; అయితే అది కదలికలను నడిపే భాగానికే పరిమితం కాక, చూసినదానికి అర్థం చెప్పే భాగాలనూ ప్రభావితం చేస్తుంది. జబ్బు ముదిరి సెరటోనిన్, ఎసిటైల్‌కోలిన్ అనే ఇతర మెదడు రసాయనాల వ్యవస్థలు కూడా దెబ్బతిన్న మెదడుకు కంటిలో శుక్లాలూ మసక వెలుతురూ తోడైతే, తువ్వాలు ఆరవేసిన కుర్చీ మనిషిలా కనిపించడంలో వింత లేదు.

అందువల్ల కొత్త మాత్ర కలపడానికి ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో, రోహిణీ కార్తె ఎండలకు ఒంట్లో నీరు తగ్గిందేమో చూడాలి. తరువాత వైద్యులు సాధారణంగా ఈ జబ్బుకే వాడే మందుల్లో ట్రైహెక్సిఫెనిడిల్, అమాంటడిన్‌లను ముందుగా, ప్రామిపెక్సోల్, రోపినిరోల్‌లను ఆపైన, లెవోడోపాను చిట్టచివరగా తగ్గిస్తారు. ఇంట్లోవారు సొంతంగా లెవోడోపాను ఒక్కసారిగా ఆపితే ఒళ్లు బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరం వచ్చి, ప్రాణం మీదికి రావచ్చు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. మతి తప్పిందనుకుని హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్ వంటి మానసిక వ్యాధి మందులు ఇస్తే, అవి మిగిలిన డోపమిన్ పనికీ అడ్డుపడి, నడిచే మనిషిని మంచాన పడేయగలవు. అదే తరగతి మందు అయినా క్లోజపిన్ అలా కాదు. రోజుకు 50 మిల్లీగ్రాములకు మించని మోతాదులో అది భ్రాంతులను తగ్గిస్తుందనీ, వణుకును పెంచదనీ 1999లో అమెరికా, ఫ్రాన్స్ పరిశోధనలు చూపాయి. కానీ తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉన్నందున మొదటి నెలల్లో వారం వారం రక్తపరీక్ష తప్పదు. ఉదయగిరి మెట్ట పల్లెల నుంచి ముసలివారిని అన్నిసార్లు బస్సెక్కించడం తేలిక కాదు. ఆ పరీక్ష అక్కరలేదన్న సౌకర్యం వల్లనే క్వెటియాపిన్ విరివిగా వాడుకలో ఉంది, దాని ఫలితానికి రుజువులు బలహీనంగా ఉన్నప్పటికీ. 2016లో అమెరికా ఆమోదించిన పిమావాన్సెరిన్ డోపమిన్ జోలికి పోకుండా సెరటోనిన్ సంకేతాన్ని అందుకునే గ్రాహకంపై పనిచేస్తుంది; గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధుల్లో ఈ మానసిక వ్యాధి మందులన్నీ మరణ ప్రమాదాన్ని కొంత పెంచుతాయి.

ఒంగోలుకో నెల్లూరుకో వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల అట్టలన్నీ సంచిలో వేసుకుని, ఏ మాత్ర ఎన్ని గంటలకు వేశారో, పిల్లకాయలు ఎన్ని గంటలకు కనిపించారో కాగితం మీద రాసుకుపోవాలి. పెద్దాయన తనంతట తానే "అక్కడ నిజంగా ఎవరూ లేరులే" అనగలిగి, భయపడకుండా ఉన్నంతవరకు, వసారాలో మంచి దీపం పెట్టి కనిపెట్టి ఉండడమే చాలాసార్లు సరిపోతుంది.